ముత్యాలు పంతులమ్మ గుర్తులు

చిలకవాగు చాకిరేవులో ఉతుకుడు బండలు ఏడు. వాటికి ఎగువన ఇసుక మెరక మీద ఒక కానుగ చెట్టు. ఆ చెట్టు కింద బడి. ఆ బడికి గోడలు లేవు, గంట లేదు, బల్లలు లేవు. పంతులమ్మ మాత్రం ఉంది. ఆవిడ గాడిద.

నవ్వితే నవ్వండి. ఆ బడి పిల్లలు కూడా మొదట్లో నవ్వారు, తరవాత మానేశారు.

పంతులమ్మ పేరు ముత్యాలు. ఇరవై ఏళ్ళు పోలయ్య దగ్గర బట్టల మూటలు మోసింది. మోకాళ్ళు పట్టేశాక పోలయ్య ఆమె వీపు తట్టి, "ఇక చాల్లేవే ముత్యాలూ, నీడన కూర్చో" అన్నాడు. ఇరవై ఏళ్ళు మోసిన వీపుకు ఊరికే కూర్చోవడం చేతనవుతుందా? మేతకు పోయే తల్లులు, "వదినా, మా పిల్లాణ్ణి కాస్త చూస్తూ ఉండు" అని పిల్లల్ని వదిలిపోసాగారు. చూస్తూ చూస్తూ ముత్యాలు నాలుగు మాటలు చెప్పసాగింది. అదే బడి అయి కూర్చుంది.

ఆ బడిలో రెండు చిక్కులుండేవి. మొదటిది తిట్టు. మిగతా బళ్ళలో మొద్దు పిల్లాణ్ణి "గాడిదా!" అంటారు. ఇక్కడ ఆ మాట అంటే పిల్లాడు ఛాతీ విరుచుకుని, "నిజంగానా పంతులమ్మగారూ!" అని ఇంటికెళ్ళి అమ్మకు చెప్పుకునేవాడు. అందుకని మరీ కోపమొస్తే ముత్యాలు, "ఒరే మనిషీ!" అనేది. ఆ తిట్టు పడ్డవాడు ఆ పూట గడ్డి ముట్టేవాడు కాదు.

రెండో చిక్కు పంతులమ్మదే. మతిమరుపు.

నిన్న ఉన్న పేరు ఇవాళ ఉండేది కాదు. పొద్దున్నే పాకలోంచి బయల్దేరుతూ, "బుడుంగి, చిదుగులు, గుట్టు, కావుడు, నిమ్మళం" అని అయిదు పేర్లూ వల్లించుకునేది. కంచె దాటేసరికి నాలుగుండేవి. కానుగ చెట్టు చేరేసరికి మూడు. మిగిలిన ఇద్దరూ దారిలో ఏ తుప్పల్లో రాలిపోయారో అని వెనక్కి తిరిగి చూసుకునేది. పైకి నవ్వేది గానీ, లోపల దిగులే. ఇవాళ పేర్లు పోయాయి, రేపు పాఠాలు పోతాయి, ఎల్లుండి ఈ చెట్టే పోతుంది. ఆ సంగతి తల్లులకు తెలిస్తే? బడి తీసేస్తే? మళ్ళీ పాకలో ఈగలు తోలుకుంటూ కూర్చోవడమేనా?

ఒకనాడు ఆ దిగులుతోనే రేవులో నిలబడి ఉండగా పోలయ్య కొడుకును కేకలేస్తున్నాడు. "నూరిళ్ళ బట్టలురా! ఎవరివేవో గుర్తుంచుకోవడం ఆ బ్రహ్మకైనా అవుతుందా? గుర్తుండదని భయమా, గుర్తు పెట్టు!" అని, నల్లజీడి గింజలో సూది ముంచి చొక్కా మెడ పట్టీకి లోపల రెండు చుక్కలు పెట్టాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గుర్తు.

ముత్యాలు చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఓసి నా మతి మండా! ఇరవై ఏళ్ళు ఈ మూటలే మోశాను గదా!"

మర్నాటి నుంచి పిల్లలకు గుర్తులు పెట్టసాగింది. నల్లజీడితో కాదు, మనసులో. పేరు ఏ తుప్పల్లో రాలినా ఫరవాలేదు, పిల్ల తీరు మాత్రం చెరిగిపోకూడదు.

బాతుపిల్ల బుడుంగి ఉంది. దానికి కాళ్ళు తడిస్తేగానీ బుర్ర తడవదు. గట్టు మీద నిలబెట్టి లెక్క అడిగితే బిక్కమొహం వేస్తుంది, వాగులోకి దింపితే ఎక్కాలు కూడా ఈదుకుంటూ చెబుతుంది. మేకపిల్ల చిదుగులుకి నోరు ఆడుతుంటేనే చెవులు వినిపిస్తాయి. పాఠానికి ముందు ఒక తుమ్మకాయ నోటికి ఇచ్చి మొదలెట్టాలి. తాబేలుపిల్ల గుట్టుని గట్టిగా పిలిచారో, డిప్పలోకి పోయి తలుపేసుకుంటాడు. పక్కకు తిరిగి, చీమతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అడగాలి. కాకిపిల్ల కావుడు ఏది చెప్పినా "కావు!" అంటాడు. కాదని పోట్లాడి ఓడితేనే వాడికి ఏ ముక్కయినా ఒంటపడుతుంది.

గేదెదూడ నిమ్మళం సంగతి వేరు. వాణ్ణి ఇవాళ అడిగితే రేపు చెబుతాడు.

"పంతులమ్మగారండీ," అన్నాడు ఒక పొద్దున, ఎవరూ ఏమీ అడగకుండానే. "అవతలి ఒడ్డుకు ఎట్లా పోవాలండీ అంటే, పోలేమండీ."

"ఎందుకురా?"

"అక్కడికి పోతే ఇదే అవతలి ఒడ్డు అయిపోతుంది గదండీ."

"కావు!" అన్నాడు కావుడు. తరవాత ఆలోచించి, రెండు ఒడ్లకూ చెరొకసారి ఎగిరొచ్చి, "అవును" అన్నాడు. ఆ బడి చరిత్రలో వాడు అవుననడం అదే మొదలు.

"ఇది నేనెప్పుడు అడిగాన్రా నిన్ను?"

"మొన్న బుధవారమండీ. నెమరేస్తున్నానండీ."

ముత్యాలు అంత గట్టిగా ఓండ్ర పెట్టి నవ్విందంటే, రేవులో పోలయ్య సబ్బు జారవిడుచుకున్నాడు.

బడి ఇట్లా సాగుతుంటే బుడుంగి తల్లికి మాత్రం నచ్చలేదు. ఆవిడ పేరు హంసవేణి. బాతే, కానీ పేరు అట్లా పెట్టుకుంది. ఒక ఉదయం మెడ సాచుకుంటూ వచ్చింది.

"ఏం వదినా, మా పిల్ల చదువుతోందా, స్నానం చేస్తోందా?"

"రెండూను వదినా. నీళ్ళలో ఉంటేనే దానికి..."

"పెద్దచెరువు బాతుపిల్లలు ఒకే వరసలో, ఒకే అడుగుతో, ఒకే మాట అంటూ నడుస్తాయి! చూస్తే కళ్ళు చల్లబడతాయి. నీ బడిలో ఒకటి మునుగుతుంది, ఒకటి నములుతుంది, ఒకటి డిప్పలో పడుకుంటుంది. ఇది బడా, సంతా? నేను ఇన్‌స్పెక్టరు గారితో చెప్పాను. ఇవాళే వస్తున్నారు."

"ఏ ఇన్‌స్పెక్టరు?"

"బళ్ళ ఇన్‌స్పెక్టరు! కట్ట మీద కనబడ్డారు. ఎర్రకోటు, బంగారు గుండీలు. ఆ గుండీలు చూస్తేనే చదువు తెలిసిపోతుంది."

ఆ కోటులో ఉన్నది ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. గుండీలు చూసి గురువును ఎంచితే వచ్చేది నక్కే. మోకాళ్ళు దాటిన ఎర్రకోటు, తలకు తువ్వాలు పాగా, మూతికి మఫ్లరు చుట్టుకుని, మిగతా తల్లులు నలుగుర్నీ వెంటేసుకుని దర్జాగా దిగాడు గుంటనక్క. పిల్లలు నక్కను ఎన్నడూ చూడలేదు. తల్లులు గుండీలు తప్ప ఇంకేమీ చూడలేదు. ముత్యాలు చూపా, మసక. రేవులో పోలయ్యా లేడు, ఊళ్ళోకి పోయాడు.

"మఫ్లరు ఎందుకండీ ఎండలో?" అడిగింది చిదుగులు.

"పంటినొప్పి. పళ్ళు ఎక్కువ," అని, నక్క వెళ్ళి నీళ్ళ అంచునున్న ఉతుకుడు బండ ఎక్కి నిలబడ్డాడు. ఎత్తున నిలబడితేగానీ అధికారం ఒంటికి పట్టదు గదా. "ఎవరిక్కడ పంతులమ్మ?"

"నేనేనండీ."

"గాడిదవా! బాగుంది. గాడిదకేం తెలుసు గంధపు వాసన!"

"గంధం సంగతి నాకు తెలీదు బాబూ," అంది ముత్యాలు వినయంగా. "గంజి వాసన మాత్రం బాగా తెలుసు. తమ కోటుకు కొత్తగా గంజి పెట్టినట్టున్నారు."

నక్క గతుక్కుమన్నాడు. మెడ పట్టీ సర్దుకోబోయాడు. ఆ సర్దడంలో పట్టీ ఒక్క క్షణం మడత విడింది. ముత్యాలు మసక కళ్ళకు కూడా కనిపించింది, లోపల నల్లజీడి గుర్తు. మూడు చుక్కలు, కింద అడ్డంగా ఒక గీత.

ఆమె మెడ ముందుకు చాచింది. ఈ గుర్తు నాకు తెలుసు. ఈ మూట నేను మోశాను. ఎవరిది? ఎవరిది చెప్మా? మాట నాలిక చివరి దాకా వచ్చి, తొంగి చూసి, గుమ్మంలోంచే వెనక్కి పోయింది.

"ముందు పంతులమ్మకు పరీక్ష," అన్నాడు నక్క. "నీ పిల్లల పేర్లు వరసగా చెప్పు."

"బుడుంగి," అంది ముత్యాలు. "చిదుగులు. గు... గుట్టు."

"ఊఁ?"

తల్లులందరూ ఆమెనే చూస్తున్నారు. కాకిపిల్ల కొమ్మ మీద నుంచి రెక్కలాడిస్తున్నాడు. వాడి తీరంతా తెలుసు, వాడు పోట్లాడే పద్ధతి తెలుసు, వాడికి ఉరుమంటే భయమని కూడా తెలుసు. పేరే లేదు. గేదెదూడ మొహంలో మొహం పెట్టి చూసింది. అక్కడా ఖాళీయే.

"చూశారా తల్లుల్లారా!" అన్నాడు నక్క. "పేర్లే తెలీని పంతులమ్మ!"

తల్లులు గుసగుసలాడారు. ముత్యాలు చెవులు వాలిపోయాయి. ఇన్నాళ్ళూ దాచుకున్న సంగతి ఎండలో ఆరేసినట్టయింది.

"ఇక పిల్లల పరీక్ష. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే జవాబు. ఎండలో నిలబడాలి, వరసలో నిలబడాలి, కదలకూడదు, నమలకూడదు, ఒక్క గుక్కలో చెప్పాలి. చెప్పండి, నేనెవరు?"

"మీకే తెలీదా అండీ?" అంది చిదుగులు జాలిగా.

"సున్నా! నువ్వు?"

"మీరు... మీరు... అబ్బ, అమ్మోయ్, కాళ్ళు!" కాలే ఇసుకలో బుడుంగి గంతులేసింది.

"సున్నా! ఏయ్ తాబేలూ!" అని నక్క అరిచేసరికి గుట్టు డిప్పలోకి పోయి తలుపేసుకున్నాడు. "లోపల ఎవరైనా ఉన్నారా? సున్నా! కాకీ, నువ్వు చెప్పు. ఇన్‌స్పెక్టరు గారు, అను."

"కావు!"

"సున్నా! నువ్వురా దూడా?"

నిమ్మళం అతన్ని తేరిపార చూసి, నెమరు వేయసాగాడు.

"అయిదుకు అయిదు సున్నాలు!" నక్క గొంతులో సంతోషం పొంగి పొర్లింది. "ఇది బడి కాదు. ఈ పిల్లల్ని ఈ పూటే నా పెద్దబడికి తీసుకుపోతాను. అవతలి ఒడ్డున, గుహలో. రాత్రీ పగలూ అక్కడే ఉండొచ్చు."

"భోజనం ఉంటుందాండీ?" అడిగింది హంసవేణి.

"భోజనం లేకుండా ఎట్లా తల్లీ? అసలు ఆ బడి పెట్టిందే భోజనం కోసం!" అని, కోటు జేబులోంచి అయిదు ఆముదపాకులు తీశాడు. "ఇవి టీసీలు. పంతులమ్మా, డెక్కతో ముద్రలు వెయ్యి."

తల్లులు ముత్యాలు వైపు చూశారు. పంతులమ్మ ముద్ర వేస్తే పంపిద్దామని, లేకపోతే లేదని వాళ్ళ చూపు. ఎంత మతిమరుపు మనిషైనా, క్షమించాలి, ఎంత మతిమరుపు గాడిదైనా, ఇంతకాలం చూసుకుంది గదా.

ముత్యాలు డెక్క ఎత్తింది. నిజానికి వేసేద్దామనే అనుకుంది. పేర్లు మరిచేదాని దగ్గర ఉండేకంటే గుండీలున్నవాడి దగ్గర ఉండడం పిల్లలకే మంచిదేమో. అప్పుడు మళ్ళీ ఆ గంజి వాసన కొట్టింది. మూడు చుక్కలు, ఒక గీత. మూడు చుక్కలు, ఒక గీత.

డెక్క దించేసింది.

"బాబూ, వేస్తాను. ఒక్క మనవి. మీ ప్రశ్న అదే, మార్చను. కానీ ఈసారి నేనడుగుతాను, పిల్లలు వాళ్ళ వాళ్ళ తీరులో చెబుతారు. ఒక్కరు సరైన జవాబు చెప్పకపోయినా, అయిదుగుర్నీ మూటలా నా వీపున వేసుకుని మీ గుహ దాకా తెచ్చి దింపుతాను. మీకు నడిపించే శ్రమ కూడా ఉండదు."

నక్క నోట్లో నీళ్ళూరి మఫ్లరు తడిసింది. గుమ్మంలోకి వచ్చి పడే భోజనం! "అట్లాగే. సరైన జవాబే చెప్పాలి సుమా!"

"సరైన జవాబేనండీ," అంది ముత్యాలు. "బుడుంగీ, నువ్వు నీళ్ళలోకి దిగవే అమ్మా."

బుడుంగి బుడుంగుమని దూకింది. రెండు చుట్లు చుట్టింది, ఒక మునక వేసింది, బండ పక్కకు వచ్చి నీళ్ళలోకి వంగి చూసింది. "పంతులమ్మగారూ! పైన ఇన్‌స్పెక్టరు గారికి తోక లేదండీ. నీళ్ళలో ఇన్‌స్పెక్టరు గారికి మాత్రం కోటు కింద ఇంత కుచ్చుతోక ఉందండీ!"

తల్లులు కిసుక్కుమన్నారు.

"అది కోటు కుచ్చు!" అన్నాడు నక్క. "గొప్పవాళ్ళ కోట్లకు కుచ్చులుంటాయి."

"ఉంటాయి, ఉంటాయి," అంది హంసవేణి, కానీ ఒకడుగు వెనక్కి వేసింది.

ముత్యాలు గుట్టు పక్కన వంగి, వేరేవైపు చూస్తూ, "ఒక చీమ అడుగుతోంది నాయనా, ఆ బండ మీద ఎవరున్నారో అని," అంది మెల్లగా. డిప్పలోంచి మూతి, తరవాత కళ్ళు, తరవాత నాలుగు కాళ్ళు వచ్చాయి. వాడు చప్పుడు లేకుండా బండ దగ్గరికి పోయి, చూసి, అంత మెల్లగానూ తిరిగొచ్చాడు. "చీమతో చెప్పండి," అన్నాడు గొణుగుతూ. "ఆయనకు బూట్లు లేవు. గోళ్ళ సందున కోడి ఈక ఉంది."

"అది... రాసుకునే ఈక!" అన్నాడు నక్క. అంటూనే వెనక చల్లగా గాలి తగిలినట్టయి తిరిగి చూశాడు. చిదుగులు కోటు వెనక అంచు పట్టుకుని నమిలేస్తోంది.

"ఏయ్! నా కోటు!"

"మీరెవరో తెలుసుకుంటున్నానండీ," అంది నోటినిండా కోటుతో. "నమిలితేగానీ నాకు అర్థం కాదండీ. గంజి బాగుందండీ."

"అడ్డూ అదుపూ లేని బడి!" నక్క గంతులేశాడు. "కాకీ, కనీసం నువ్వైనా చెప్పరా, ఒక్క మాట!"

కావుడు ఆ మాట కోసమే చూస్తున్నాడు. గాల్లోకి లేచి, నక్క తల చుట్టూ తిరిగి, గొంతెత్తి, "నువ్వు ఇన్‌స్పెక్టరువి కావు!" అన్నాడు.

"ఛీ ఛీ, మర్యాద లేదు!" నక్కకు ఒళ్ళు మండింది. "పెద్దవాళ్ళను 'నువ్వు కావు' అంటారురా? 'మీరు ఇన్‌స్పెక్టరు కారు' అనాలి! ఏదీ, అందరూ అనండి!"

నిమ్మళం తప్ప నలుగురూ ఒకే వరసలో, ఒకే గొంతుతో, ఒక్క గుక్కలో అన్నారు: "మీరు ఇన్‌స్పెక్టరు కారు!"

మేకతల్లి నవ్వి నవ్వి ఇసుకలో కూలబడింది. తాను ఏం నేర్పించాడో అప్పటికి గాని నక్కకు బుర్రకెక్కలేదు. ఎక్కాక నాలిక కరుచుకున్నాడు. కానీ జిత్తులమారికి జిత్తులకు కరువా?

"చాలు చాలు! పిల్ల మాటలు! దూడ ఇంకా నోరు విప్పలేదు. ఒక్కరు చెప్పకపోయినా మోసుకొస్తానన్నావు. మాటంటే మాటే!"

నవ్వులాగిపోయాయి. అందరూ నిమ్మళం వైపు తిరిగారు. వాడు ఏ సందులోనో బండ వెనక్కి చేరి, తాపీగా నిలబడి నెమరు వేస్తున్నాడు. దవడ ఇటు, దవడ అటు.

"మూడు లెక్కపెడతాను," అన్నాడు నక్క. "ఒకటి!"

"లెక్క ఆపు బాబూ," అంది ముత్యాలు. "వాడికి తొందర పనికిరాదు."

"రెండు!"

"నాయనా..." అని ఆగింది. వాడి పేరు ఇంకా దొరకలేదు. ఫరవాలేదు. వాడి గుర్తు ఉంది. ముత్యాలు వాడి ఎదుట నాలుగు కాళ్ళూ ముడుచుకుని కూర్చుంది, పొద్దంతా తీరికే ఉన్నట్టు. "నిదానంగా చెప్పు. నేనిక్కడే ఉంటా."

వాడు మింగాడు. గొంతులో ఒక ఉండ పైకొచ్చింది. దాన్నీ నమిలాడు.

"పంతులమ్మగారండీ. మూడు చుక్కలండీ, ఒక గీతండీ. కార్తీకంలో మీరు గుర్తుల పాఠం చెప్పారండీ. రెండు చుక్కలు రెండు బుగ్గలు, మూడో చుక్క నోరు, కింద గీత బాకా, అని నవ్వించారండీ. పెళ్ళిళ్ళలో బాకా ఊదే వెంకటసోములు కోటండీ అది. ఇవాళ పొద్దున పోలయ్యగారు తాడు మీద ఆరేశారండీ."

ముత్యాలు కళ్ళ ముందు వాకిలి తెరుచుకున్నట్టయింది. బుగ్గలు! బాకా! వెంకటసోములు! తాను చెప్పిన పాఠమే, తాను పారేసుకున్నదే, ఈ దూడ పొట్టలో భద్రంగా ఉండి, నెమరుతో తిరిగొచ్చింది.

"దొంగ కోటు!" అరిచింది గేదెతల్లి.

"కోటులో ఉన్నదెవరు?" అరిచింది హంసవేణి.

ఇక నక్క ఉండలేదు. బండ మీద నుంచి ఒక్క దూకు దూకబోయాడు. దూకలేకపోయాడు. చిదుగులు కోటు నమిలేసిన చోట తోక బయటపడి ఉంది. ఆ తోక మీద నిమ్మళం ముందుకాలు ఉంది.

"ఒరే, తోక! నా తోక!"

నిమ్మళం కిందికి చూశాడు. ఆలోచించాడు. "దేని మీద నిలబడ్డానో తరవాత చెబుతానండీ," అన్నాడు.

నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. ఆ సంగతి ఆ రోజు అయిదుగురు పిల్లలకు నిజమైంది. నక్క బలమంతా పెట్టి లాగాడు. పాగా ఊడింది, మఫ్లరు ఊడింది, పళ్ళు బయటపడ్డాయి. "నక్కే! నక్కే!" అని తల్లులు రెక్కలు కొట్టేవాళ్ళు కొడుతుంటే, కొమ్ములు దించేవాళ్ళు దించారు. తోక తటాలున వదిలింది. నక్క గాల్లో ఒక పిల్లిమొగ్గ వేసి, రేవు పక్కనున్న గంజితొట్టిలో తలకిందులుగా పడ్డాడు.

లేచాడు, పరిగెత్తాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. పదడుగులు వేసేసరికి గంజి ఆరిపోసాగింది. చెవులు అట్టలయ్యాయి, తోక కర్రయింది, కాళ్ళు మోకాళ్ళ దగ్గర వంగనంటే వంగనన్నాయి. ఇస్త్రీ చేసిన పంచెలా పెళపెళమంటూ, వంగకుండా, ఒకే వరసలో, ఒకే అడుగుతో పోతున్నాడు నక్క.

"చూడు వదినా," అంది మేకతల్లి హంసవేణితో. "పెద్దచెరువు బాతులు నడిచేది ఇట్లాగేనా?"

హంసవేణి మెడ ఎంత పొడుగో అంతా కిందికి వంచింది. "ఇక పొడవకు వదినా." ముత్యాలు దగ్గరికి వచ్చి, "మా దాన్ని నీళ్ళలోనే ఉంచు, నీ ఇష్టం," అంది.

ముత్యాలు నక్క పోయిన వైపు చూసి, తనకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద తిట్టు తిట్టింది. "ఒరే మనిషీ!"

పిల్లలందరూ చెవులు మూసుకున్నారు.

మర్నాడు పొద్దున బడిలో హాజరు. ముత్యాలు గొంతు సవరించుకుంది. "బుడుంగి!" వాగులోంచి చప్పుడు. "చిదుగులు!" నమలడం. "గుట్టు!" అని పక్కకు తిరిగి మెల్లగా అంది. మెల్లగానే పలికాడు. "కావుడు!" "కావు!" ముత్యాలు ఉత్సాహంగా అయిదో వాడి వైపు తిరిగింది. నోరు తెరిచింది. పేరు లేదు. నిన్న తన బడిని నిలబెట్టినవాడి పేరు, తుప్పల్లోకి పోయింది.

ఎవరూ నవ్వలేదు. బుడుంగి ఈత ఆపింది. చిదుగులు నమలడం ఆపింది. కావుడు కూడా నోరు మూసుకున్నాడు.

గేదెదూడ పంతులమ్మ ఎదురుగా వచ్చి, నాలుగు కాళ్ళూ ముడుచుకుని కూర్చున్నాడు.

"నిదానంగా నెమరేసుకోండి పంతులమ్మగారూ," అన్నాడు. "రేపు చెప్పినా ఫరవాలేదండీ. నేనిక్కడే ఉంటా."

ఒక్కో బట్టకు ఒక్కో గుర్తు, ఒక్కో బిడ్డకు ఒక్కో తోవ.